తోటలోకి వచ్చిన కొత్త పిట్ట ఎక్కడిది?

చలికాలంలో పట్టణంలోని తోటలో ఎన్నడూ చూడని పిట్ట వాలితే, దాని స్వస్థలంలో చలి ముదిరి ఇటు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఒంటి నిండా ఈకలున్న పక్షి, కడుపు నిండినంత కాలం గట్టి చలినైనా తట్టుకోగలదు. దాన్ని తరిమేది ఎక్కువగా తిండి కొరతే. పురుగులు తినే పక్షులకు ఆ కొరత ఏటా ఒకే వేళకు వస్తుంది కనుక వాటి రాకపోకలు కూడా ఇంచుమించు అదే వేళకు సాగుతాయి. తూర్పు ఐరోపాలో గూడు కట్టి, దక్షిణాసియాలో చలికాలం గడిపే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ ఇందుకు ఉదాహరణ. పిచ్చుక కన్నా చిన్నదైన ఈ పక్షి కొమ్మ మీద కూర్చుని మాటిమాటికీ తోక పైకెత్తుతుంది. అప్పుడు ఆ నల్లటి తోక మొదట్లో రెండు పక్కలా తెల్లటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎర్రటి గొంతు ఎదిగిన మగవాటికే ఉంటుంది కాబట్టి, పేరు చూసి ఎరుపు కోసం వెతికేవారు ఆడపక్షులనూ పిల్లలనూ గుర్తించలేరు.

పండ్లను నమ్ముకున్న పక్షుల తీరు వేరు. ఉత్తర ఐరోపా, రష్యా అడవుల్లో ఉండే బొహీమియన్ వాక్స్‌వింగ్‌లకు చలికాలంలో ముఖ్యమైన ఆహారం రోవన్ చెట్ల ఎర్రటి పండ్లు. పక్షుల సంఖ్య బాగా పెరిగిన ఏడాదే పండ్ల కాపు తగ్గితే అవి గుంపులు గుంపులుగా పడమరకు, దక్షిణానికి కదులుతాయి. బ్రిటన్ పట్టణాల్లో అలంకారం కోసం నాటిన రోవన్ చెట్ల మీద ఒక ఏడాది వందలుగా వాలి, మరుసటి ఏడాది దాదాపుగా కనిపించకుండా పోవడానికి కారణం ఇదే. ఒక్కో పక్షి రోజుకు వందల పండ్లు మింగగలదు కనుక, చెట్టు ఖాళీ కాగానే గుంపు మకాం మార్చేస్తుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది బ్లాక్‌క్యాప్ కథ. మధ్య ఐరోపాలోని ఈ చిన్న పక్షులు చాలావరకు శరత్కాలంలో నైరుతి దిశగా మధ్యధరా ప్రాంతానికి వెళ్లేవి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగం నుంచి బ్రిటన్ తోటల్లో చలికాలంలో ఇవి ఎక్కువగా కనిపించసాగాయి. వేసవిలో అక్కడ గూడు కట్టినవే ఆగిపోయాయేమోనన్న ఊహ సహజమే గానీ, కాళ్లకు ఉంగరాలు తొడిగి పరిశీలించగా వీటిలో చాలా పక్షులు ఐరోపా ప్రధాన భూభాగం నుంచి వచ్చినవని తేలింది. జర్మన్ శాస్త్రవేత్త పీటర్ బెర్తోల్డ్ బృందం బ్రిటన్‌లో చలికాలం గడిపే పక్షులను పట్టి, పంజరాల్లో పిల్లలను పొదిగించింది. ఎన్నడూ ప్రయాణం చేయని ఆ పిల్లలు కూడా శరత్కాలం రాగానే పడమటి దిశకే తిరిగాయి. అంటే దిశ ఎంపిక వాటికి పుట్టుకతోనే వస్తోందన్నమాట. 1992లో ప్రచురితమైన ఈ ఫలితం, పరిణామం కొన్ని దశాబ్దాల్లోనే మన కళ్లెదుట జరగగలదని చూపిన ఉదాహరణల్లో ఒకటిగా నిలిచింది. తోటల్లో మనుషులు పెట్టే మేత ఈ కొత్త దారికి ఊతమిచ్చిందని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి.

ఇలాంటి పక్షిని పట్టుకోగలిగే కన్ను, అరుదైన పక్షుల బొమ్మలు తిరగేస్తే రాదు. రోజూ వచ్చేవాటిని విసుగు లేకుండా చూస్తేనే వస్తుంది. చాఫించ్‌ల గుంపులో కలిసి గింజలేరుకునే బ్రాంబ్లింగ్ నేల మీద ఉన్నంతసేపు సులభంగా చిక్కదు, ఎగిరినప్పుడు మాత్రం తోక పైన తెల్లటి పట్టీ మెరిసి గుట్టు విప్పుతుంది. మోసపోయే అవకాశాలూ తక్కువేమీ కాదు: రంగు లోపించి అక్కడక్కడ తెల్ల ఈకలు వచ్చిన మామూలు పక్షి, పంజరం నుంచి తప్పించుకున్న పెంపుడు పక్షి, పెద్దవాటి రంగులు ఇంకా రాని తొలి ఏటి పిల్ల, ఇవన్నీ అరుదైన అతిథుల్లా కనిపిస్తాయి. అందుకే ముక్కు ఆకారం, రెక్క మీది పట్టీలు, కాళ్ల రంగు, కూత, మేత తీరు ముందుగా రాసుకుని, ఆ తరువాతే పుస్తకం తెరవాలి. బొమ్మ చూశాక జ్ఞాపకం దానికి తగ్గట్టు మారిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

పక్షులను చూసినవారు తమ పరిశీలనలను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్ 2002లో మొదలైంది. అందులో అసాధారణమైన నమోదులను ఆయా ప్రాంతాల స్వచ్ఛంద పరిశీలకులు వివరాలడిగి సరిచూస్తారు, కాబట్టి మసకగా వచ్చిన ఫొటో అయినా దాచి ఉంచడం మంచిది. అయితే అరుదైనదాన్ని మాత్రమే నమోదు చేసి ఊరుకుంటే ఉపయోగం కొంతే. గుర్తించిన పక్షులన్నిటి జాబితా ఇచ్చినప్పుడే, అందులో లేని పక్షి ఆ పూట కనిపించలేదని కూడా లెక్కకు అందుతుంది. వాక్స్‌వింగ్‌లు రాని చలికాలాలు ఏవో తెలిసేది అలాంటి జాబితాల వల్లే.