పెళ్లిలో నేనెందుకు పలకలేదంటే

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న పెళ్లిలో "పెరుగు కావాలా తాతయ్యా?" అని మూడుసార్లు అడిగినా నేను పలకలేదని చిన్ని అలిగిందట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను పలకకపోవడం వెనక ఒక తమాషా ఉంది, అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఆ భోజనాల హాలు గుర్తుందిగా? బయట సన్నాయి, డోలు. లోపల "సాంబారు, సాంబారు" అని వడ్డించేవాళ్ల కేకలు, వెనక బంతిలో పొలం ధర మీద వాదన. ఇవన్నీ చెవిలోకి విడివిడిగా రావు. కలగలిసిపోయి, ఒకే గాలి కదలికగా వచ్చి కర్ణభేరిని తాకుతాయి. అందులోంచి ఒక్క గొంతును ఏరడం మజ్జిగలోంచి నీళ్లు వేరుచేయడం లాంటిది. ఆ పని మెదడు చేస్తుంది.

ఎలాగంటే, ముందు దిక్కు చూసుకుంటుంది. ఎడమపక్క నుంచి పిలిస్తే ఆ పిలుపు ఎడమ చెవికి ముందు, కుడి చెవికి తర్వాత చేరుతుంది. తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు! పైగా తల అడ్డం కాబట్టి అవతలి చెవికి కాస్త చిన్నగా వినిపిస్తుంది. ఈ రెండు తేడాలూ లెక్కేసి మెదడు ఆ పక్క గొంతును పట్టుకుంటుంది, మిగతావాటిని వెనక్కి నెడుతుంది. నాకేమో ఎడమ చెవి పోయి పదేళ్లు. రెండు చెవుల లెక్క ఒక చెవితో ఎలా తేలుతుంది? కుడి చెవికి మిషన్ పెట్టారు గానీ, అది నీ గొంతుతో పాటు సాంబారు కేకనీ పెంచేస్తుంది.

1953లో కోలిన్ చెర్రీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కొందరికి రెండు చెవుల్లో రెండు వేరువేరు మాటలు వినిపించి, ఒక చెవిలోవి మాత్రం పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా చాలామంది గమనించలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసిపోయింది. 1959లో నెవిల్ మొరే అనే ఇంకో శాస్త్రవేత్త ఆ పట్టించుకోని చెవిలో వినేవాళ్ల పేరే పలికిస్తే, సుమారు మూడోవంతు మంది పట్టుకున్నారు. అంటే వెనక్కి నెట్టినదాన్నీ మెదడు పూర్తిగా వదలదన్నమాట. టీవీ చూస్తున్నప్పుడు హోంవర్క్ అన్నమాట వినపడని బాబీకి, ఐస్‌క్రీం అన్నమాట వంటింట్లోంచైనా వినపడుతుందే, అలాగ.

కళ్లు కూడా ఇందులో చెయ్యి వేస్తాయి. టీవీలో గొంతు వచ్చేది స్పీకరులోంచి, మనకి మాత్రం తెరమీద మనిషి నోట్లోంచే వస్తున్నట్టుంటుంది. గోలలో ఎదుటివాళ్ల పెదాలు కనిపిస్తే మాట ఇంకా బాగా తెలుస్తుంది.

మీరూ చేసి చూడండి. బాబీ కళ్లు మూసుకుని, ఒక చెవిలో వేలు పెట్టుకోవాలి. చిన్ని గదిలో అటూ ఇటూ తిరిగి తాళాలగుత్తి ఆడించాలి. ఎక్కడుందో వేలు చూపించమను. తర్వాత రెండు చెవులూ వదిలి మళ్లీ ఆడండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్ని నా కుడిపక్కన కూర్చోవాలి. పెరుగు అడిగేటప్పుడు కాస్త నా మొహంకేసి తిరిగి అడుగు తల్లీ.

మీ
తాతయ్య