చుక్కకు వీపు పెట్టి

హన్మకొండలో మా డాబా మీద మొదటి రాత్రే పక్కింటాయన అడిగిండు: "సుక్క అటుంటే మీరు ఇటు తిరిగి చూస్తరేంది సార్?" నిజమే, శనిగ్రహానికి వీపు పెట్టి, నా టెలిస్కోపు గొట్టం పైఅంచున వంగి లోపలికి చూస్తున్నాను.

మామూలు న్యూటన్ టెలిస్కోపులో అడుగున పెద్ద అద్దం, మూతి దగ్గర వెలుగును పక్కకు తిప్పే చిన్న అద్దం. ఆ చిన్నది వెలుగు దారికి నట్టనడుమ నిలబడుతుంది. పెళ్లిపందిట్లో గుంజ అడ్డమొచ్చినట్టే అనుకుంటారు గానీ, ఇక్కడ శని మొత్తం కనిపిస్తుంది, నడుమ మచ్చ కూడా ఉండదు. చిన్న అద్దం వెడల్పు పెద్దదానిలో మూడోవంతు ఉన్నా పోయే వెలుగు తొమ్మిదోవంతే. అసలు దెబ్బ వేరే. వెలుగు తరంగం గనుక చుక్క బొమ్మ ఎప్పుడూ ఓ చిన్న బిళ్ల, చుట్టూ వలయాలు. అడ్డం లేకుంటే 84 శాతం వెలుగు బిళ్లలోనే ఉంటుంది. మూడోవంతు అడ్డమొస్తే అది 65కి దిగుతుంది, మిగతాది వలయాల్లోకి ఒలుకుతుంది. గురుగ్రహం మీది లేత పట్టీలు వెలిసిపోయేది అందుకే.

1789లో 48 అంగుళాల అద్దం బిగించిన విలియం హెర్షెల్ బాధ ఇది కాదు. ఆనాటి అద్దాలు రాగి, తగరం కలిపి పోసినవి. పడ్డ వెలుగులో చాలాభాగం అవే మింగేసేవి. రెండో అద్దం పెడితే మళ్లీ అంత నష్టం. అందుకని ఆ చిన్న అద్దాన్ని తీసేసి, బొమ్మ గొట్టం పైఅంచున పడేలా పెద్ద అద్దాన్నే కాస్త వాల్చాడు. నా టెలిస్కోపూ ఆ రకమే.

వాలిస్తే చుక్క ఒకచోట నిలువుగీతగా, ఇంకొంచెం ముందుకెళ్తే అడ్డగీతగా కూడుతుంది. నా అద్దం వెడల్పు 100 మి.మీ., నాభ్యంతరం, అంటే అద్దం నుంచి బొమ్మ కూడేచోటికి దూరం, 2,000. వాలు ఒక డిగ్రీ పైచిలుకు, గీతల మధ్య ఎడం 0.7 మి.మీ. ఈ కొలతకు 0.9 దాకా సర్దుకుపోవచ్చు. నాభ్యంతరం 800 చేస్తే ఎడం 1.8కి పెరుగుతుంది, సర్దుబాటు 0.14కి పడిపోతుంది. అందుకే రెండు మీటర్ల గొట్టం, మెట్ల మలుపులో ఇద్దరు మనుషులు. ఆంటన్ కుట్టర్ అనే జర్మన్ వాలు అద్దాలు రెండు పెట్టి, ఒకదాని దోషాన్ని ఇంకోదానితో కొట్టేశాడు. నాకంత ఓపిక లేదు.

పొడుగుతో ఒక సుఖం: అద్దం నడుమ లోతు 0.31 మి.మీ. చాలు, గోళాకారం సరిపోతుంది. రెండు గాజుబిళ్లల మధ్య కార్బొరండం అనే గట్టి రాపిడి పొడి, నీళ్లు వేసి రుద్దాలి. మొదట గరగర, పొడి నలిగేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. బకెట్ అంచున దాగిన ఒక్క ముతక రేణువు చివరి దశలో గీత పెట్టి, వారం పనిని మళ్లీ చేయించింది. పాలిష్‌కు వాడే పిచ్ అనే తారులాంటి జిగురు మే ఎండకు మెత్తబడి పరుచుకుపోతుంటే తెల్లవారుజామున లేచి రుద్దాను. వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నునుపు చూసి మురిసిపోతాం గానీ, అద్దం మీద ఎగుడుదిగుడు మిల్లీమీటరులో పదివేలో వంతుకు లోపే ఉండాలి.

ఇదంతా వద్దనుకునేవాళ్లకు దొంగదారి ఉంది. 50 మి.మీ. చిన్న అద్దమున్న 200 మి.మీ. న్యూటన్ మూతికి అట్ట కప్పండి. చిన్న అద్దానికీ అంచుకూ మధ్య, దాన్ని పట్టుకున్న రేకులకు తగలకుండా 70 మి.మీ. రంధ్రం కోయండి. సన్నటి వివరాలు కొన్ని పోతాయి, గాలి కుదురులేని రాత్రి చందమామ మాత్రం ఆ రంధ్రంలోంచే నిలకడగా కనబడుతుంది.