దవడ విప్పితే గురక తగ్గుతుందా? 1860 నాటి స్క్రూపై ఇప్పటి ప్రశ్న

పై దవడను వెడల్పు చేసే స్క్రూ పెట్టిస్తే పిల్లల గురక పోతుందన్న ప్రచారం ఇప్పుడు జోరుగా సాగుతోంది. స్క్రూ మాత్రం పాతదే. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ 14 ఏళ్ల అమ్మాయికి అది బిగించి, రెండు వారాల్లో దవడ ఎముక మధ్య అతుకు విడిపోయిందని రాశాడు. ముందు పళ్ల నడుమ పడిన సందే ఆయన చూపిన రుజువు. తోటివాళ్లు నమ్మలేదు. 1961లో అమెరికా దంతవైద్యుడు ఆండ్రూ హాస్ మళ్లీ వెలుగులోకి తెచ్చాకే ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

ముక్కుకు నేల అంగిలే. అందుకే అతుకు విడితే ముక్కు లోపల కూడా కాస్త చోటు పెరుగుతుంది. స్క్రూను పావు చుట్టు తిప్పితే పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. మామూలుగా రోజుకు ఒకటి రెండు పావు చుట్లు. స్క్రూ రంధ్రంలో దూర్చి తిప్పే చిన్న కీని ముందు నుంచి గొంతు వైపు నెట్టాలి. తర్వాతి రంధ్రం పూర్తిగా కనపడేదాకా నెట్టకుండా కీ తీసేస్తే మరునాడు అది దూరదు. తీసేటప్పుడు మళ్లీ ముందు పళ్ల వైపు లాగితే తిప్పిందంతా వృథా. కీకి దారం కట్టకపోతే గొంతులోకి జారే ప్రమాదం ఉంది. విప్పడం ముగిశాక కొన్ని నెలలు స్క్రూను అలాగే ఉంచాలి, మధ్యలో కొత్త ఎముక పూడాలి కదా. ఇక యవ్వనం వచ్చాక అతుకు గట్టిపడుతుంది. అప్పుడు తిప్పితే విడిపోయేది దవడ కాదు, పళ్లే బుగ్గల వైపు ఒరుగుతాయి.

కింది దవడది వేరే దారి. దవడ చిన్నదై నాలుక వెనక్కి పడే పసివాళ్ల గురించి ఆలోచించిన పారిస్ వైద్యుడు పియర్ రాబిన్ 1902లో మోనోబ్లాక్ అనే నోటి పరికరం చేశాడు. 1977లో దంతవైద్యుడు విలియం క్లార్క్ ట్విన్ బ్లాక్ అనే పరికరం తెచ్చాడు: వాలు అంచులున్న రెండు దిమ్మెలు, నోరు మూసినప్పుడల్లా కింది దవడను ముందుకు తోస్తాయి.

గురకతో పాటు పిల్లల్లో నిద్రలో ఊపిరి ఆగే జబ్బును నిద్ర పరిశోధకుడు క్రిస్టియన్ గిల్లెమినో బృందం 1976లో వర్ణించింది. 2004లో పిరెల్లి, సపొనారా, గిల్లెమినో 31 మంది పిల్లలకు పై దవడ వెడల్పు చేస్తే, గంటకు సగటున 12.2గా ఉన్న శ్వాస అంతరాయాలు ఒకటి లోపుకు వచ్చాయి. ఇప్పటి ప్రచారానికి ఊతం ఈ అంకెలే. అయితే ఆ పిల్లలకు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే టాన్సిల్ లాంటి కండ) పెద్దవిగా లేవు, పై దవడ ఇరుకు. పోల్చి చూడటానికి స్క్రూ లేని పిల్లల గుంపూ లేదు.

లోటు అక్కడే ఉంది. 2013లో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో జరిగిన అమెరికా పరీక్షలో, టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసిన వారిలో 79 శాతం మందికి 7 నెలల్లో నిద్ర పరీక్ష సరిగా వచ్చింది. ఏమీ చేయకుండా గమనించిన వారిలోనూ 46 శాతం మందికి అలాగే వచ్చింది! వయసుతో అడినాయిడ్స్ కుంచించుకుపోతాయి, గొంతు పెరుగుతుంది. ఆ మెరుగును పరికరం ఖాతాలో వేయడం చాలా తేలిక. స్కాన్‌లో గొంతు వెడల్పుగా కనపడటమూ గట్టి సాక్ష్యం కాదు. తల కాస్త ఎత్తినా, నాలుక కదిలినా ఆ కొలత మారిపోతుంది.

2019లో అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరుస సరిచేసే వైద్యుల) సంఘం నిద్రలో శ్వాస సమస్యను నిర్ధారించాల్సింది వైద్యుడేనని, దాన్ని ముందే నివారించడానికంటూ దవడ వెడల్పు చేయవద్దని చెప్పింది. పళ్లు తీయించి క్లిప్పులు వేయడం వల్ల ఈ జబ్బు వస్తుందన్న వాదననూ ఒప్పుకోలేదు. స్క్రూ వేయడానికి అసలు కారణం ఇప్పటికీ పళ్లలోనే దొరుకుతుంది: పై వెనక పళ్లు కింది వాటికి లోపలగా కూర్చుంటున్నాయా అన్నది.