ఫాక్స్‌గ్లవ్‌లో నక్క ఎక్కడిది?

ఇంగ్లీషులో ఫాక్స్ అంటే నక్క, గ్లవ్ అంటే చేతి తొడుగు. రెండూ కలిసి ఒక మొక్క పేరయ్యాయి. పశ్చిమ యూరప్‌లో అడవి అంచుల్లో, గట్ల మీద నిలువుగా పెరిగే మొక్క ఇది. కాడకి ఒక పక్కగా ఊదారంగు పూలు గొట్టాల్లా వేలాడతాయి. ఒక్కో పువ్వులో వేలు సరిగ్గా పడుతుంది కాబట్టి తొడుగు సంగతి సులువుగానే తెలుస్తుంది. చిక్కంతా నక్కతోనే.

19వ శతాబ్దంలో దీనికి ఒక ముచ్చటైన వివరణ వచ్చింది. అసలు పేరు 'ఫోక్స్ గ్లవ్' అట. ఫోక్ అంటే జనం, ఇక్కడ జనమంటే అడవిలో తిరిగే బుల్లి దేవతలు. వాళ్ల తొడుగులు నోళ్లలో నలిగి నక్క తొడుగులయ్యాయట. ఇప్పటికీ చాలామంది ఇదే చెబుతారు, కానీ ఇది నిలవదు. దాదాపు వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషు వైద్య గ్రంథంలోనే ఈ మాట 'ఫాక్సెస్ గ్లోవా' అని ఉంది. అచ్చంగా నక్క తొడుగే. జనం అనే అర్థమే ఉంటే ఆనాటి భాషలో 'ఫోల్కెస్' అని రాయాలి. అలాంటి పేరు పాత రాతల్లో కనిపించదు. పైగా నార్వేలో దీన్ని నక్క గంట అంటారు, వేల్స్‌లో కుక్క వేళ్లు అంటారు. అక్కడ జనమూ లేరు, దేవతలూ లేరు. మొక్కకి జంతువు పేరు తగిలించడం పల్లె జనానికి మామూలే, మన ఏనుగుపల్లేరు లాగా. అందుకే ఈ నక్కని నక్కగానే ఒప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం.

1542లో జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ దీనికి డిజిటాలిస్ అని లాటిన్ పేరు పెట్టాడు. బట్టలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ పేరే జర్మన్‌లో ఈ మొక్కకీ ఉంది. లాటిన్‌లో డిజిటస్ అంటే వేలు, ఆ వేలి టోపీని బట్టే ఈ లాటిన్ పేరు. తమాషా ఏమిటంటే, ఫుక్స్ అనే ఇంటిపేరుకి జర్మన్‌లో నక్క అనే అర్థం! అది కేవలం కాకతాళీయం, ఇంగ్లీషు పేరు ఆయనకంటే ఐదు వందల ఏళ్లు పాతది.

ఆకు నుంచి పువ్వు దాకా మొక్కంతా విషమే. అయినా ఒంటికి నీరు పట్టిన రోగులకి దీన్ని జాగ్రత్తగా కొలిచి ఇస్తే మేలు చేస్తుందని ఇంగ్లండ్ వైద్యుడు విలియం విథరింగ్ 1785లో పుస్తకం రాశాడు. ఇప్పుడు గుండె జబ్బులకి వాడే డిజాక్సిన్‌ని ఈ కుటుంబంలోని మరో మొక్క నుంచి తీస్తారు. ఆ మందుకీ మోతాదు కొంచెం మించితే ప్రమాదమే.