తోటలో డ్రిప్పు, చేతికి డ్రిప్పు

పోయినేడు రోహిణి కార్తెలో అమ్మకు వడదెబ్బ తగిలితే నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాం. సిస్టర్ ముంజేతి మీద రెండుసార్లు తట్టి, "నరం దొరకడం లేదమ్మా, నీలం పెడతా" అని నరంలో ఉంచే సన్నటి నీలం రంగు గొట్టం, కాన్యులా గుచ్చి, సెలైన్ తగిలించి వెళ్లింది. నాన్న ఆ గొట్టాన్ని చాలాసేపు చూసి, "మన తోటలో డ్రిప్పు మాదిరే ఉండాదే ఇది" అన్నాడు.

పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. చెట్టు మొదట్లో గంటకు 4 లీటర్లు కార్చే డ్రిప్పర్లను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆయన. ఆయన కన్ను పొరబడలేదు. తోటలోని నల్ల పైపు, అమ్మ చేతికి వచ్చిన పారదర్శకమైన గొట్టం, రెండూ ఒకే జాతి యంత్రంలో పుడతాయి. దాని పేరు ఎక్స్‌ట్రూడర్.

ప్లాస్టిక్ గుళికలు హాపర్ అనే గరాటు లోంచి వేడి బ్యారెల్‌లోకి జారతాయి. లోపల పొడవాటి స్క్రూ తిరుగుతూ వాటిని ముందుకు నెడుతుంది. గుళికలు కరిగేది బయటి హీటర్ల వల్లే అనుకుంటాం. యంత్రం జోరందుకున్నాక చాలా భాగం వేడి స్క్రూ రాపిడి నుంచే పుడుతుంది. కరిగిన ముద్ద చివర ఉన్న డై అనే అచ్చు లోంచి బయటికి రావాలి. ఇక్కడే అసలు చిక్కు. జంతికల గొట్టంలో పిండి నొక్కితే పోగు వస్తుంది గానీ బోలు రాదు. బోలు కావాలంటే డై నడిమధ్యన ఒక పిన్ను నిలబెట్టాలి. ముద్ద ఆ పిన్ను చుట్టూ ఉంగరంలా పారుతుంది. మెత్తగా ఉన్న గొట్టం బయటికి రాగానే అణిగిపోకుండా పిన్ను మధ్యలో ఉన్న బెజ్జం గుండా కొద్దిగా గాలి పంపుతారు. తర్వాత నీళ్ల తొట్టి, దాని అవతల గొట్టాన్ని లాగే పుల్లర్. డై సందు కావలసిన గొట్టం కన్నా పెద్దదిగానే ఉంటుంది. పుల్లర్ లాగిన కొద్దీ గొట్టం సన్నబడి కొలతకు వస్తుంది. పుల్లర్ ఒక్క క్షణం తడబడితే అంతమేర గోడ మందమవుతుంది.

పిన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా గొట్టం గోడ ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా వస్తుంది. తోటలో అలాంటి పైపు పలచటి చోట పగిలితే నాన్న ఆ ముక్క కోసి జాయినర్ పెట్టేస్తాడు. డయాలసిస్ మంచం మీద అలా కుదరదు. అక్కడ పంపు రక్తాన్ని తాకదు. రోలర్లు గొట్టాన్ని బయటినుంచి నొక్కుతూ రక్తాన్ని ముందుకు తోస్తాయి. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటలు నడిస్తే ఉన్న ఆ కొద్ది రక్తమే తిరిగి తిరిగి 72 లీటర్ల లెక్క అవుతుంది. అంతసేపూ అదే గొట్టం ముక్క వేలసార్లు నలగాలి, చిట్లకూడదు. అందుకే వైద్య గొట్టాలు తయారయ్యే లైన్ మీద లేజర్ కొలత పరికరం వ్యాసాన్ని నిరంతరం చూస్తూనే ఉంటుంది.

లోపలి బోలు కొలత ఇంకా సున్నితమైన సంగతి. ఫ్రాన్సు వైద్యుడు పాజెయ్ 19వ శతాబ్దంలో సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి, ప్రవాహం వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుందని తేల్చాడు. అంటే వ్యాసం పదో వంతు తగ్గితే, తోసే ఒత్తిడి మారకపోయినా, ప్రవాహం మూడో వంతు పడిపోతుంది. సెలైన్ దారిలో అన్నిటికన్నా ఇరుకైనది కాన్యులా. అదీ ఎక్స్‌ట్రూడర్ బిడ్డే. అమ్మకు పెట్టిన నీలం రంగుది బయటి వ్యాసంలో 0.9 మిల్లీమీటర్లు, ఆకుపచ్చది 1.3. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ ఆకుపచ్చ దాంట్లోంచి రెండింతలకు పైగా పారుతుంది. అమ్మకు మాత్రం నీలం చాలు. 500 మిల్లీలీటర్ల బాటిల్ 4 గంటల్లో ఎక్కాలంటే, 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే సెట్‌లో, నిమిషానికి దాదాపు 42 చుక్కలు. నేను వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. మా తోటలో ఒక్క డ్రిప్పర్ గంటకు కార్చే దాంట్లో ఇది దాదాపు ముప్పయ్యో వంతు.

రెండు గొట్టాలకూ ముడిసరుకు వేరు. తోట పైపు పాలిథీన్. ఎండకు పెళుసెక్కకుండా అందులో నల్ల కార్బన్ కలుపుతారు, నలుపు అందుకే. సెలైన్ గొట్టం ఎక్కువగా పీవీసీ. ఆశ్చర్యమేమంటే పీవీసీ స్వతహాగా గట్టిది, బోరు పైపులు దాంతోనే చేస్తారు. మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం బాగా కలపాలి. దశాబ్దాలుగా వాడుతున్న డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ పీవీసీతో గట్టిగా అతుక్కుని ఉండదు, కొవ్వున్న ద్రవాలు తగిలితే కొద్దికొద్దిగా ఊరి వాటిలో కలుస్తుంది. మగ శిశువుల విషయంలో జాగ్రత్త పడమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే హెచ్చరించింది. నెలలు నిండని పసికందుల వార్డుల్లోనైనా అది లేని గొట్టాలే వాడాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ, అంతే.

మన వైపు ఇలాంటి లైన్ పెట్టాలనుకునేవాళ్లు ముందు నీళ్ల గురించి ఆలోచించాలి. వేడి గొట్టం నేరుగా తొట్టినీళ్లలోకే దిగుతుంది. ప్రకాశం మెట్ట ప్రాంతాల బోరునీళ్లు బిందెల అడుగున తెల్లటి పెచ్చు కట్టడం అందరూ చూసిందే. ఆ లవణాలు గొట్టం మీద చేరకూడదు కాబట్టి శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. ఎండాకాలం వాటిని చిల్లర్‌తో చల్లబరచాలి కూడా, నీళ్ల వేడి మారితే గొట్టం కొలత మారుతుంది. పాలీయురేథేన్ అనే మరో ప్లాస్టిక్ గుళికలైతే సముద్రపు గాలిలోని తేమను పీల్చేస్తాయి. ఆరబెట్టకుండా కరిగిస్తే గొట్టంలో బుడగలు వస్తాయి.

సాయంత్రం బాటిల్ అయిపోయింది. సిస్టర్ క్లాంప్ బిగించి, గొట్టం ఊడదీసి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తెరతో ముక్కలు చేసి ఎర్ర సంచిలో వేసింది. "మన పైపు పదేళ్లు మన్నుతాదే, ఇది పూటకేనా?" అన్నాడు నాన్న. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎర్ర సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరిలో క్రిములు చచ్చేదాకా ఉంచి, తురిమి, మళ్లీ కరిగించేవాళ్లకు ఇస్తారని చెప్పాను. ఆయన ఇంకా ఆ ఎర్ర సంచి వైపే చూస్తున్నాడు.