క్రిస్టీనా ఫోగెల్, ట్రాక్ స్ప్రింట్: అపోహలు - వాస్తవాలు

ట్రాక్ సైక్లింగ్‌లో స్ప్రింటర్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. జర్మనీ స్ప్రింటర్ క్రిస్టీనా ఫోగెల్ పేరు ఎత్తగానే చాలామంది "ప్రమాదంలో కాళ్లు పడిపోయిన అమ్మాయే కదా" అంటారు. ఆ ప్రమాదానికి ముందే ఆమె రెండు ఒలింపిక్ స్వర్ణాలు, 11 ప్రపంచ టైటిళ్లు గెలిచింది. ప్రపంచ టైటిళ్ల సంఖ్యలో ఆస్ట్రేలియాకు చెందిన అనా మేర్స్ నెలకొల్పిన రికార్డును అందుకుంది. ఇంత పనితనం ఉన్న మనిషిని ఒక్క దుర్ఘటనతోనే గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే నేను తరచూ వినే అపోహలను ఆమె ప్రస్థానం ఆధారంగానే తీసుకుంటున్నాను.

అపోహ: స్ప్రింట్ అంటే మొదటి నుంచి చివరిదాకా శక్తికొద్దీ తొక్కడం.

వాస్తవం: 250 మీటర్ల ట్రాక్‌పై ఇద్దరి మధ్య జరిగే స్ప్రింట్ మూడు చుట్లు. గడియారం లెక్కించేది చివరి 200 మీటర్లనే. గెలుపును నిర్ణయించేది ఆ సమయం కూడా కాదు, గీతను ఎవరు ముందు దాటారన్నదే. అందుకే మొదటి చుట్టు చాలాసార్లు నడక వేగంతో సాగుతుంది. ముందున్నవారు మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉంటారు. వెనకున్నవారికి గాలి దెబ్బ తగ్గుతుంది, శక్తి మిగులుతుంది. మలుపుల్లో ట్రాక్ నిటారుగా లేచి ఉంటుంది కాబట్టి పైకి ఎక్కి నిలిచినవారు కిందికి దిగుతూ వేగం తెచ్చుకోగలరు. సైకిల్‌కు బ్రేకులు ఉండవు, గేరు ఒక్కటే, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరగాల్సిందే. చివరి 200 మీటర్లలో ముందున్నవారు ట్రాక్ అడుగున ఉండే నల్ల గీతకు, ఎర్ర గీతకు మధ్యనున్న దారిలోకి దిగితే వెనకున్నవారు లోపలి నుంచి దాటకూడదు, బయటివైపు నుంచి తిరిగి రావాలి. ఆ దారిని ముందు ఎవరు పట్టుకోవాలన్న పోరాటమే సగం ఆట.

ఫోగెల్ ఈ ఆట అణువణువూ తెలిసిన మనిషి. 2016 రియో ఫైనల్లో బ్రిటన్‌కు చెందిన బెకీ జేమ్స్‌ను వరుసగా రెండు రేసుల్లో ఓడించింది. రెండో రేసులో సరిగ్గా గీత దగ్గర ఆమె సీటు ఊడిపోయింది. గీత దాటే క్షణంలో స్ప్రింటర్ రెండు చేతులతో సైకిల్‌ను ముందుకు తోసి, తన శరీరాన్ని వెనక్కి లాగుతారు. చక్రం కొన్ని సెంటీమీటర్లు ముందుంటే చాలు, స్వర్ణం దక్కుతుంది. సీటు ఊడినా ఆమె అదుపు తప్పలేదు. నా శిష్యులకు ఆ రేసును మళ్లీ మళ్లీ చూపిస్తాను.

అపోహ: తొడలు ఎంత లావుగా ఉంటే అంత వేగం.

వాస్తవం: ఈ నమ్మకానికి కారణం జర్మనీకే చెందిన రాబర్ట్ ఫోర్‌స్టెమాన్ ఫొటోలు. ఆయన తొడలు లోకప్రసిద్ధం. కానీ ఆయనకు దక్కిన ఒలింపిక్ పతకం 2012 జట్టు స్ప్రింట్‌లో కాంస్యం. ఫోగెల్ తన పోటీదారుల్లో చాలామంది కంటే పొట్టి. అయినా 2013 డిసెంబరులో మెక్సికోలోని అగ్వాస్కాలియెంటెస్‌లో 200 మీటర్లను 10.384 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అంటే గంటకు 69 కిలోమీటర్లకు పైగా వేగం. ఆ ఊరు సముద్ర మట్టానికి చాలా ఎత్తున ఉండటంతో గాలి పలచగా ఉంటుంది, అదీ కలిసివచ్చింది. బలంతో పాటు పెడల్ ఎంత చురుగ్గా తిరుగుతుంది, గాలికి శరీరం ఎంత తక్కువగా అడ్డుపడుతుంది అన్నవి కూడా వేగాన్ని నిర్ణయిస్తాయి.

అపోహ: 2012 లండన్ స్వర్ణం అదృష్టవశాత్తూ వచ్చింది.

వాస్తవం: మహిళల జట్టు స్ప్రింట్‌లో అప్పట్లో ఇద్దరే ఉండేవారు, ఒక్కొక్కరు ఒక్కో చుట్టు ముందుండి తొక్కేవారు. ఫైనల్లో ఫోగెల్, మిరియమ్ వెల్టే జంట కంటే చైనా జంట ముందే గీత దాటింది. అయితే మొదటి క్రీడాకారిణి తన చుట్టు పూర్తిచేసి, నిర్ణీత హద్దులోనే పక్కకు తప్పుకోవాలి. చైనా జంటలో ఈ మార్పు తొందరగా జరిగిందని న్యాయనిర్ణేతలు తేల్చారు, స్వర్ణం జర్మనీకి వెళ్లింది. అంతకుముందు బ్రిటన్ జంట కూడా ఇలాంటి తప్పుతోనే వెనకబడింది. మార్పును సరిగ్గా చేయడం ఈ పోటీలో విడదీయలేని భాగం. అది తప్పినవారిని దురదృష్టవంతులని, తప్పనివారిని అదృష్టవంతులని అనడం అన్యాయం. పైగా అదే ఏడాది మెల్‌బోర్న్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన జంట ఇది.

అపోహ: యూరప్ స్ప్రింటర్లు కోట్లు గడిస్తారు.

వాస్తవం: ఆ డబ్బు రోడ్డు రేసుల్లో ఉంది. ఫోగెల్ పోటీపడే రోజుల్లో జర్మనీ కేంద్ర పోలీసు విభాగంలో ఉద్యోగి.

అపోహ: స్ప్రింట్ జర్మన్ల రక్తంలోనే ఉంది.

వాస్తవం: ఫోగెల్ పుట్టింది కిర్గిజ్‌స్థాన్‌లో, 1990లో. పసితనంలోనే కుటుంబం జర్మనీకి వెళ్లింది. ఆమె ఎదిగిన ఎర్ఫుర్ట్ పాత తూర్పు జర్మనీ నగరం. 1980, 1988 ఒలింపిక్స్‌లో స్ప్రింట్ స్వర్ణాలు గెలిచిన లుట్జ్ హెస్లిష్‌ను, 1992, 1996లలో గెలిచిన యెన్స్ ఫీడ్లర్‌ను కూడా ఆ తూర్పు ప్రాంతపు వ్యవస్థే తయారుచేసింది. ట్రాక్, శిక్షకుడు, జీతం, చిన్నప్పటి నుంచి పోటీలు ఒకేచోట దొరకడమే ఆ రహస్యం. 2019లో అదే తూర్పు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్ నగరంలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో మన ఈసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ జట్టు స్ప్రింట్ స్వర్ణం గెలిచారు. హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలోనూ 2002 జాతీయ క్రీడల నాటి వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) ఉందన్నది తెలుగువారిలో ఎందరికి తెలుసు?

అపోహ: రేసులో సాహసం చేయబోయి ప్రమాదం కొనితెచ్చుకుంది.

వాస్తవం: ఈ మాట విన్న ప్రతిసారీ ఖండిస్తాను. 2018 జూన్ 26న జర్మనీలోని కాట్‌బుస్ ట్రాక్‌పై జరిగింది సాధన, రేసు కాదు. నిలుచున్న చోటు నుంచి బయలుదేరే అభ్యాసం చేస్తున్న నెదర్లాండ్స్ క్రీడాకారుణ్ని ఆమె సుమారు 60 కిలోమీటర్ల వేగంతో ఢీకొంది. ఏడో ఛాతీ వెన్నుపూస దగ్గర వెన్నుపాము తెగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు రోడ్డుపై సాధన చేస్తుండగా మినీబస్సు ఢీకొని కోమాలోకి వెళ్లి, కోలుకుని తిరిగొచ్చిన మనిషి ఆమె. ఈసారి మళ్లీ సైకిల్ ఎక్కే వీలు లేకపోయింది. 2019లో ఎర్ఫుర్ట్ నగర మండలికి ఎన్నికైంది, టీవీలో ట్రాక్ పోటీలకు విశ్లేషకురాలిగా మారింది.

60 కిలోమీటర్ల వేగమంటే 250 మీటర్ల చుట్టుకు 15 సెకన్లు. తల వంచి తొక్కే స్ప్రింటర్‌కు మలుపు అవతల ఎవరు నిలబడి ఉన్నారో కనిపించేసరికి ఆలస్యమవుతుంది. అందుకే నేను శిక్షణ ఇచ్చే చోట నిలిచి బయలుదేరేవారికి, పూర్తి వేగంతో తొక్కేవారికి ఒకే సమయంలో ట్రాక్ ఇవ్వను. గీత దగ్గర ఒక మనిషి నిలబడి, ట్రాక్ ఖాళీ అయిందని చెయ్యెత్తి చూపాకే స్ప్రింటర్ పైనుంచి కిందికి దిగాలి. మీ పిల్లలను ఏ వెలోడ్రోమ్‌లో చేర్చినా, సైకిల్ ధర అడిగే ముందు ఈ ఏర్పాటు ఉందా అని అడగండి.