గోడకి చెమట పట్టిన సంగతి

గుంటూరు

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

భోగి పొద్దున తలంటు పోసుకుని వచ్చి బుజ్జిగాడు, "తాతయ్యా, స్నానం చేసింది నేనైతే గోడ తడిసిందేంటి?" అని అడిగాడు. గారెల హడావుడిలో "వేడి నీళ్లు కదరా" అని తప్పించుకున్నాను. మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

పండక్కి మీరొచ్చిన బస్సు గుర్తుందా? గాలిని అలాంటి బస్సు అనుకోండి. ఆవిరి అందులో ప్రయాణికులు. ఈ బస్సుకో చిత్రమైన గుణం ఉంది. వేడెక్కితే సీట్లు పెరుగుతాయి, చల్లబడితే తగ్గుతాయి. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 20 డిగ్రీలకి వచ్చేసరికి 17 గ్రాములే. మరి మిగతా 13 మంది? దిగాల్సిందే. ఎక్కడ చల్లబడితే అక్కడే స్టాపు. మన బాత్రూంలో ఆ స్టాపులు అద్దం, కుళాయి, అన్నిటికన్నా పెద్దది గోడ. ఎగ్జాస్ట్ ఫ్యాను కండక్టరు, జనాన్ని బయటికి పంపిస్తుంది. కిటికీ ఏమో బస్సుకి వెనక తలుపు. డ్రైవరు ఎవరని మాత్రం అడక్కండి, అక్కడ నా బస్సు ఆగిపోతుంది. మీ సైన్సు టీచరు "గాలి ఆవిరిని మోయడమేంటి" అంటే ఆవిడదే రైటు. పరీక్షలో బస్సు సంగతి రాయకండి.

మరి హైదరాబాదులో మీ బాత్రూం గోడ ఇంత తడవదేం అంటారు. మన గోడ మూరెడు మందం. ఇటుకా, గానుగ సున్నమూ. రాత్రంతా పీల్చుకున్న చలిని పొద్దున ఒక పట్టాన వదలదు. మీరు పది నిమిషాలు వేడి నీళ్లు పోసుకుంటే దానికేం లెక్క? ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లు చల్లగా ఉండేది కూడా ఆ మొండితనం వల్లే.

అసలు అది బాత్రూమే కాదర్రా. మా చిన్నప్పుడు బియ్యం బస్తాలు వేసుకునే కొట్టు గది. అందుకే దానికి పిడికెడు కిటికీ. స్నానాలన్నీ పెరట్లో, నూతి పక్కన తాటాకు దడి చాటున. రాగి కాగులో నీళ్లు కాగుతుంటే పొగా, ఆవిరీ కలిసి కొబ్బరిచెట్టు మొవ్వుదాకా పోయేవి. మా నాయనమ్మ సున్నిపిండి పెట్టి రుద్దుతుంటే చలికి పళ్లు టకటకలాడేవి. పారిపోతే చెంబు విసిరేది. ఏ గోడకీ చెమట పట్టలేదు, అక్కడ గోడే లేదు కనక. ఆవిరిని ఇంట్లోకి తెచ్చుకున్నది మనం, దారి చూపించడం మర్చిపోయిందీ మనమే.

దానికి తోడు ఒక మేస్త్రి మాట విన్నాను. సున్నం గీకించి, సిమెంటు పూయించి, పైన ఆయిల్ పెయింట్ వేయించాను. సున్నపు గోడ కాస్త తడి తాగుతుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. పెయింట్ వేశాక దాని నోరు మూసినట్టయింది. చుక్కలు పైనే నిలిచి కారడం మొదలైంది. రెండేళ్లకి పెయింట్ అప్పడంలా పొంగింది, మూలల్లో నల్ల బూజు. ఖర్చు సంగతి మీ నానమ్మని అడక్కండి.

ఇక మీరొచ్చినప్పుడు చేయాల్సింది చెప్తాను. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడివి కలపండి, ఆవిరి తక్కువ లేస్తుంది. స్నానమయ్యాక పడగ్గది వైపు తలుపు వేసి, కిటికీ తీసి, ఫ్యాను ఇంకో ఇరవై నిమిషాలు తిరగనివ్వండి. తలుపు కింద సందుకి గుడ్డ అడ్డం పెట్టకండి, కొత్త గాలి అక్కణ్ణుంచి కూడా రావాలి. వైపరుతో గోడ ఒకసారి లాగేయండి. తడి తువ్వాలు పెరట్లో ఆరేయాలి, ఇది చిన్నీకి. అన్నట్టు, స్నేహితుల ఇళ్లలో బాత్రూం లోపలే గ్యాస్ గీజరు కనిపిస్తే పెద్దవాళ్లకి చెప్పండి. మూసిన గదిలో అది వాసన కూడా తెలియని విషవాయువు వదలొచ్చు. ప్రాణాల మీదికి వస్తుంది.

గోడలోంచి ఊరే తడేమో అని నాకూ అనుమానం వచ్చింది. నిన్న గోడ తుడిచి, ఆరాక, అరచేతి వెడల్పు ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపు వేసి అంటించాను. గోడలోంచి వచ్చే తడైతే కవరు వెనకాల చేరుతుంది, గదిలో ఆవిరైతే పైన. ఇవాళ చూస్తే పైనే చుక్కలు, వెనక పొడి. గోడ నిర్దోషి.

వచ్చే నెల మిరపకాయలు కల్లాల్లో పోస్తారు. సాయంత్రం కాగానే రైతులు వాటి మీద పట్టాలు కప్పుతారు. పొద్దున్నే ఆ పట్టా మీద చెయ్యి పెట్టి చూడాలి మీరు. వాన లేదు, ఎవరూ చల్లలేదు, అరచెయ్యి తడిసిపోతుంది. శనివారం రాత్రే బయల్దేరి రండి. ఎండెక్కితే ఏమీ మిగలదు.

మీ తాతయ్య